వేవా పుట్టినరోజులు

తెల్లారకముందే లేవడం నాకు కొత్త కాదు. ఇదివరకు లేచి మా ఆయన ఎలిహియోకి క్యారేజీ కట్టేదాన్ని. రొట్టె చీల్చి, బీన్స్ ముద్ద రాసి, లోపల ఏదో ఒకటి కూరి తోర్తా చేసి, కాగితం చుట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసి గుమ్మం దగ్గర పెట్టేదాన్ని. అతను ఒక చేత్తో బూట్లు తొడుక్కుంటూ ఇంకో చేత్తో అవి అందుకుని ఆపిల్ షెడ్డుకి పోయేవాడు. ఇప్పుడూ అదే వేళకి మెలకువ వస్తుంది. కట్టడానికి క్యారేజీ లేదు. కోటు వేసుకుని, చర్చి వెనక హాలు దాకా నడిచి, వంటగది తాళం తీస్తాను. లైటు వేసి పెద్ద స్టవ్వు వెలిగిస్తాను. మిగిలిన ఆడవాళ్ళు వచ్చేసరికి గది వెచ్చబడి ఉండాలి. అంతవరకే నా పని అనుకున్నాను చాలాకాలం.

ఒక్క ఫ్లాస్కు సంగతి మాత్రం మారలేదు. అందులో కాఫీ తాగేవాడు పోయినా, సాయంత్రం కాగానే దాన్ని కడిగి సింకు పక్కన బోర్లించేదాన్ని. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఆ తాళంచెవి నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే వేవా గురించి చెప్పాలి.

అసలు పేరు హెనొవేవా. అంత పేరు పెట్టి పిలిచే ఓపిక మా లోయలో ఎవరికీ లేదు. ఈడువాళ్ళకి వేవా, చిన్నవాళ్ళకి దోన్యా వేవా. నాకు మాత్రం కొమాద్రె. మా పెద్దమ్మాయి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది, అప్పటి నుంచి ఆమెకి నేను అంపారోని కాను, కొమాద్రెని, నాకు ఆమె కొమాద్రె. అంటే చెప్పకుండా ఇంట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూసే హక్కు ఉన్న మనిషి.

మనిషి పొట్టి. తను చెప్పే జోకుకి ముందు తనే నవ్వుతుంది కాబట్టి ఆమె జోకులు సగం మేము చివరిదాకా వినలేదు. వెనక సీట్లు పీకేసిన పాత వ్యాను ఒకటి ఉంది. నాలుగు జేబుల ఏప్రను వేసుకుని తిరుగుతుంది. ఆ జేబుల్లో ఎండుమిరపకాయలు, రబ్బరు బ్యాండ్లు, ఎవరి పిల్లాడిదో పాలపీక, అన్నీ ఉంటాయి.

చిన్నపిల్లగా ఉండగా సరిహద్దు అవతల మిచొఆకాన్ నుంచి తండ్రి వెంట చెర్రీ కోతకి వచ్చింది. రెండు కోతలు చేసి మానేసింది. "నిచ్చెన ఎక్కితే చివరి మెట్టు మీద కూడా నాకు కొమ్మ అందదు. దిగితే నేల మాత్రం బాగా దగ్గర," అనేది. కోత మానేసి, మాంసం కూరిన పిండిముద్దల్ని మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టి, ఆ తమాలెలు ఆవిరి మీద ఉడికించి, ఐసు పెట్టెలో వేడివేడిగా పేర్చి, షెడ్డు గేటు దగ్గర నిలబడి అమ్మడం మొదలుపెట్టింది. ఐసు పెట్టె వేడినీ పట్టి ఉంచుతుందని అందరికంటే ముందు కనిపెట్టింది తనేనని ఇప్పటికీ నమ్ముతుంది.

కొన్నాళ్ళకి ఊరి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, ఇంట్లో వండి బయట అమ్మకూడదు, అనుమతి ఉన్న వంటగదిలో వండాలి అన్నాడు. ఇంకెవరైనా అయితే ఏడ్చేవాళ్ళు, లేదా గేటు మార్చేవాళ్ళు. వేవా ఆయన చేతిలో ఒక తమాలె పెట్టి, తిన్నగా చర్చి ఫాదర్ దగ్గరికి వెళ్ళింది.

"ఫాదర్, నాకో సాయం చెయ్యండి. మీ హాలు వంటగదిలో ఎలకలు చేరుతున్నాయని నాకు దిగులుగా ఉంది."

"మా వంటగదిలో ఎలకలు లేవమ్మా."

"ఇంకా లేవు. ఆదివారం తప్ప పొయ్యి వెలగని చోటు వాటికి ఎంత ఇష్టమో మీకు తెలీదు. రోజూ ఎవరో ఒకరు వండుతుంటే రావు. నేను వండుతాను, మీకోసం."

ఫాదర్ చాలాసేపు నవ్వాడట. అలా ఆ వంటగదికి అనుమతి కాగితం వచ్చింది, వేవాకి చోటు వచ్చింది.

తనొక్కతే వాడుకోవచ్చు. కానీ ఆమెకి ఒక జబ్బు ఉంది. ఎక్కడ ఏ ఆడది ఏం బాగా చేస్తుందో ముక్కుతో పసిగడుతుంది, పసిగట్టాక ఊరుకోలేదు. అలాగని ఎవరికీ "నీకు సాయం చేస్తాను" అని చెప్పదు. ఆ మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ "నాకో సాయం చెయ్యి" అంటుంది.

నొయేమీది సాల్వడోర్ దేశం. చేతిలో ఇద్దరు పసిపిల్లలు, నోట్లో కత్తి. పుపూసాలు చేస్తే, అంటే లోపల చీజు కూరి పెనం మీద కాల్చిన మందపాటి రొట్టెలు, వీధి చివరికి వాసన వస్తుంది. వేవా వాళ్ళ గుమ్మంలో నిలబడి, "పిల్లా, నాకో సాయం చెయ్యి. గేటు దగ్గర మగాళ్ళు నా తమాలెలు తిని తిని మొహం మొత్తి నన్ను తిడుతున్నారు. వారానికి ఒకరోజు నువ్వొచ్చి నిలబడితే నాకు తిట్లు తప్పుతాయి," అంది. నొయేమీ జాలిపడి వెళ్ళింది. మూడో వారానికి నొయేమీ దగ్గర వరస, వేవా దగ్గర ఇద్దరే. "చూశావా, నన్ను ఎవరూ తిట్టట్లేదు," అని వేవా సంతోషించింది.

మైగ్వాలీదా వెనిజులా నుంచి వచ్చింది. అందరం మైగ్వా అంటాం. అక్కడ కేకుల కొట్టు ఉండేదట. ఇక్కడికొచ్చి మాట్లాడటమే మానేసింది. వేవా ఆమె దగ్గరికి వెళ్ళి, "అమ్మాయ్, ఎల్లుండి నా పుట్టినరోజు. నాకంటూ కేకు చేసేవాళ్ళు ఎవరూ లేరు," అంది, కళ్ళు దించుకుని. మైగ్వా ప్రాణం పెట్టి చేసింది. వేవా ఆ కేకు షెడ్డు గేటు దగ్గర కోసి, కనపడ్డవాళ్ళందరి నోట్లో పెట్టి, ఎవరు చేశారో చెప్పింది. పాతవాళ్ళం మేము ఏమీ అనలేదు. ఆ ఏడాది అప్పటికే ఒక పుట్టినరోజు అయింది, జెల్లీలు చేసే ఒకావిడ కోసం. వేవా అసలు ఏ నెలలో పుట్టిందో నాకే తెలీదు. ఒకసారి అడిగితే, "ఎవరి కేకు అమ్ముడుపోవాలో వాళ్ళని అడుగు," అంది.

ఆమెది ఒకటే పట్టుదల, కొసరు. మేము పిలోన్ అంటాం. ఏది అమ్మినా పైన ఒకటి కొసరు వెయ్యాలి. తమాలెలు డజను కొంటే ఇంకోటి, పుపూసా కొంటే ఇంకో గరిటెడు ఊరగాయ క్యాబేజీ. "కొసరు ఎందుకు దోన్యా, మిగిలేదే కొంచెం," అని నొయేమీ అంటే, "కొన్నది కడుపులోకి పోతుందే. కొసరు ఇంటికి వెళ్ళి పెళ్ళాంతో చెప్పుకుంటాడు," అనేది.

ఇక నా సంగతి. ఎలిహియో వసంతంలో పోయాడు, ఆపిల్ చెట్లు పూతకొచ్చే రోజుల్లో. ఇంటినిండా జనం ఉన్నన్ని రోజులు ఉన్నారు, తర్వాత లేరు. వేవా ఓదార్చలేదు. ఒకరోజు వచ్చి గిన్నెల మూతలు తీసి చూసింది. అన్నీ ఖాళీ. ఆ మాట ఎత్తకుండా కుర్చీలో కూలబడింది.

"కొమాద్రె, నాకో సాయం చెయ్యి. తాళంచెవులు నా దగ్గర నిలవట్లేదు. రెండుసార్లు పారేశాను, ఫాదర్ ఈసారి ఊరుకోడు. నువ్వెలాగూ తెల్లారకముందే లేస్తావు. తలుపు తీసి పెట్టు చాలు, వంట చెయ్యొద్దు, మాట్లాడొద్దు."

సరే అన్నాను. తలుపు తీసేదాన్ని. చేతులు ఊరుకోక గిన్నెలు కడిగేదాన్ని. వాళ్ళు మాట్లాడుకుంటుంటే నీళ్ళ చప్పుడులో వినేదాన్ని. వేసవి అంతా అలా గడిచింది.

ఆపిల్ కోత ముగుస్తుండగా చర్చి కమిటీవాళ్ళు ఒక మాట చెప్పారు. హాలు వంటగది కావాలని ఇంకెవరో అడుగుతున్నారు, రోజూ వాడుకుంటారట. మా ఆడవాళ్ళు గేటు దగ్గర అమ్మేది కోత ఉన్నన్నాళ్ళేనాయె. చలికాలంలో కూడా నిలిచే పని ఒకటి చూపిస్తే వంటగది మాది, లేకపోతే వాళ్ళకి. తప్పుగా ఏమీ అనలేదు. కానీ ఆ తలుపు పోతే నొయేమీ ఇంట్లో, మైగ్వా ఇంట్లో మళ్ళీ ఎవరి తలుపు వాళ్ళు మూసుకోవడమే. నాకేమవుతుందో నేను ఆలోచించదలచుకోలేదు.

వేవా షెడ్డు పెద్ద దోన్ ఫెర్మీన్‌ని పట్టుకుంది. ఆయన ఎలిహియోతో కలిసి పనిచేసినవాడే. చలికాలం కూడా షెడ్డులో ఆపిల్స్ ఏరడం, పెట్టెల్లో సర్దడం సాగుతూనే ఉంటుంది. ప్రతి శుక్రవారం పనివాళ్ళకి షెడ్డు తరఫున భోజనం పెట్టాలని పైవాళ్ళు అనుకుంటున్నారట. "కోత ఆఖరి శుక్రవారం ఎనభై మందికి తోర్తాలు పంపు. జనానికి నచ్చితే ప్రతి శుక్రవారం మీదే. నచ్చకపోతే ఊళ్ళో పిజ్జా కొట్టు ఉంది," అన్నాడు ఫెర్మీన్.

వేవా ఎగురుకుంటూ వచ్చింది. నేను సింకు దగ్గరే ఉన్నాను, మొత్తం విన్నాను.

"మైగ్వా, నాకో సాయం చెయ్యి. ఆదివారం జ్ఞానస్నానం విందుకి తమాలెలు ఒప్పుకున్నాను, చేతులు ఖాళీ లేవు. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో ఎనభై మందికి తోర్తా. నువ్వు చూసుకో."

మైగ్వా చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. "నేనా? అంతమందికా?"

"నువ్వే. పెద్దవి చేస్తావో చిన్నవి చేస్తావో నీ ఇష్టం. చాల్లేదన్న మాట మాత్రం రాకూడదు."

"లోపల ఏం పెట్టమంటారు?"

"నీ చేతికి ఏది బాగా వస్తే అది. మెత్తగా ఉండాలి, లోపల దండిగా ఉండాలి."

"పైన ఏమన్నా రాయనా?"

"రాయి, రాయి. రాయకపోతే ఏది ఎవరిదో కలిసిపోతుంది."

నొయేమీకి చల్లటి బియ్యంపాలు అప్పజెప్పి వేవా వెళ్ళిపోయింది. నాకు ఆ మాటల్లో ఒక్క ముక్క కూడా తేడాగా వినపడలేదు. మైగ్వా మొహం చాన్నాళ్ళకి వెలిగిందని మాత్రం అనుకున్నాను. గురువారం సాయంత్రం తాళంచెవి అడిగి తీసుకుంది, రాత్రంతా పని ఉందని.

శుక్రవారం నేను వెళ్ళేసరికి హాల్లో లైటు వెలుగుతోంది. తలుపు తియ్యగానే వెనీలా వాసన ముఖాన కొట్టింది. బల్ల మీద కేకులు. పెళ్ళికి పెట్టేటంత పెద్దవి, తెల్లగా, నున్నగా, మధ్యలో కాచిన తియ్యటి పాలకోవా పొర. ఒక్కొక్కదాని మీద నీలం అక్షరాలు. "ఏరేవాళ్ళకి." "పెట్టెలు సర్దేవాళ్ళకి." "లారీలవాళ్ళకి." "ఫోర్క్‌లిఫ్ట్‌వాళ్ళకి." ఒక చిన్నది విడిగా, "దోన్ ఫెర్మీన్‌కి." ఏది ఎవరిదో కలిసిపోకుండా.

మైగ్వా గోడకి ఆనుకుని కూర్చుంది, జుట్టునిండా పిండి. "బాగున్నాయా అక్కా?"

"చాలా బాగున్నాయి," అన్నాను. అబద్ధం కాదు. "తోర్తాలు ఎక్కడ?"

ఆమె కేకుల వంక చూసింది. నా వంక చూసింది. నేను కేకుల వంక చూశాను.

అప్పుడే వేవా, నొయేమీ వచ్చారు. వేవా గుమ్మంలో ఆగిపోయి, "ఎవరిదే పుట్టినరోజు?" అంది.

"తోర్తాలు," అంది మైగ్వా, గొంతు సన్నగా చేసి. "మీరు చెప్పినవే. మా దేశంలో తోర్తా అంటే ఇదే."

"దీన్ని పాస్తెల్ అంటారు కదటే."

"మేము తోర్తా అంటాం. మరి మీ తోర్తా అంటే ఏమిటి?"

"రొట్టె. చీల్చిన రొట్టెలో మాంసం, బీన్స్, మిరపకాయ. తిన్నాక మళ్ళీ పెట్టెలు మొయ్యాలి వాళ్ళు."

మైగ్వా ఏప్రనుతో మొహం కప్పుకుంది. నొయేమీ ఆ కేకుల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "ఇంకా నయం, నాకు చెప్పలేదు. మా ఊళ్ళో తోర్తా అంటే గుడ్డట్టు. ఈపాటికి ఎనభై అట్లు వేసి కూర్చునేదాన్ని," అంది.

వేవాకి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీ లాక్కుని కూర్చుంది, కూర్చున్నాక నవ్వు ఆగిపోయింది. "తప్పు నాది," అంది. "పిల్ల అన్నీ సరిగ్గానే అడిగింది. నేనే వినలేదు." ఆ తర్వాత మాట్లాడలేదు. వేవా మాట్లాడకుండా కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ గదికి ఆమె గొంతు ఎంత అలవాటో, అది లేకపోతే స్టవ్వు చప్పుడు కూడా పెద్దగా వినపడింది.

మధ్యాహ్నానికి షెడ్డులో జనం ఆకలిగా బల్లల ముందు కూర్చుంటారు. కేకు చూసి మొదట నవ్వుతారు, తర్వాత కోప్పడతారు. వచ్చే శుక్రవారం పిజ్జా.

నేను చేతులు తుడుచుకున్నాను. "నొయేమీ, రొట్టెల కొట్టుకి వెళ్ళు," అన్నాను. "పొద్దుటి బొలీయో రొట్టెలు ఎన్నుంటే అన్నీ తీసుకో. చల్లారినవే అడుగు, వేడివి ఇస్తే మెత్తబడి చీలవు."

ముగ్గురూ నా వంక తిరిగారు. నేను అంత పొడుగు మాట మాట్లాడి నెలలయింది.

"తోర్తాలు ఎవరు చేస్తారు?" అంది నొయేమీ.

"పెళ్ళైన దగ్గర్నుంచి రోజూ ఆ షెడ్డుకే కట్టాను. ఒకటికి బదులు ఎనభై. అంతేగా."

వేవా లేచి నిలబడింది. నా దగ్గరికి వచ్చి, ఎప్పుడూ లేనిది మెల్లగా అంది. "కొమాద్రె, నాకో సాయం చేస్తావా? ఈసారి నిజంగానే అడుగుతున్నా."

"ఈసారి నిజంగానా? మరి ఇన్నాళ్ళూ?"

"తర్వాత చెప్తాలే. లోపల పెట్టడానికి ఏం కావాలి?"

"మాంసం."

ఫ్రిజ్‌లో ఆదివారం తమాలెల కోసం ఉడికించి, ఎర్రమిరపకాయ ముద్దలో నానబెట్టిన పంది మాంసం ఉంది. వేవా గిన్నె మూత మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగింది, తర్వాత తీసి నా ముందు పెట్టింది. "ఆదివారం సంగతి ఆదివారం. రేపు మళ్ళీ ఉడికిస్తా."

ఇంకా ఏదో తక్కువ. మా ఇల్లు నాలుగు అంగల్లో ఉంది. పరుగున వెళ్ళాను. అలమరలో పైన వినెగర్‌లో ఊరేసిన మిరపకాయలు, క్యారెట్ల సీసాలు వరసగా ఉన్నాయి. పోయిన ఏడాది ఎలిహియో కోసం పెట్టినవి. వాటి వంక చూడకుండానే వేసవి గడిపాను. అన్నీ బుట్టలోకి దింపాను. సింకు పక్కన ఫ్లాస్కు బోర్లించి ఉంది. మైగ్వా రాత్రంతా నిద్రపోలేదని గుర్తొచ్చి, కాఫీ కాచి దాని నిండా పోసుకుని వచ్చాను.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను, నలుగురం ఒకరి మీద ఒకరం పడుతూ పనిచేశాం. రొట్టె చీల్చి లోపలి మెత్తటి భాగం కొంచెం గిల్లి తీసెయ్యాలి, మాంసానికి చోటు ఉండాలి. రెండు వైపులా బీన్స్ ముద్ద రాయాలి, అప్పుడు రసం రొట్టెలోకి దిగదు. నేను చూపించాను, వాళ్ళు చేశారు. గిల్లి తీసిన ముక్కలన్నీ వేవా తనే తినేస్తుంటే నొయేమీ ఆమె చేతి మీద ఒకటేసింది.

"పెద్దదాన్నే, గౌరవం లేదా."

"గౌరవం ఉంది దోన్యా. అందుకే మెల్లగా కొట్టాను."

మైగ్వా కాగితాలు చుట్టింది. కేకుల అంచులు తిప్పిన చెయ్యి కదా, ఆ మడతలు చూసి నాకే విప్పబుద్ధి కాలేదు. కానీ మధ్యమధ్య ఆమె చూపు బల్ల చివరికి పోతోంది. "ఇవి ఏం చేద్దాం?" అంది చివరికి. "పారేయాలా?"

"పారెయ్యడమేమిటే," అంది వేవా. గొంతు తిరిగొచ్చింది. "కొసరు ఎక్కడా అని ఇందాకటి నుంచి నేను వెతుక్కుంటున్నా. ఎనభై తోర్తాలకి కొసరు వెయ్యొద్దూ? వ్యాను ఎక్కించు."

కేకులతో వ్యాను నడపడం చూసి తీరాలి. వేవా నడుపుతోంది, వెనక మేము ముగ్గురం కూర్చుని ఒళ్ళో ఒకటి, కాళ్ళ మధ్య ఒకటి పట్టుకున్నాం. ప్రతి మలుపులో నొయేమీ ప్రార్థన చదివింది. "దేవుడి కోసం కాదు, క్రీము కోసం," అంది.

షెడ్డులోకి నేను ఎలిహియో పోయాక అడుగుపెట్టలేదు. ఆపిల్ వాసన తలుపు దగ్గరే ఎదురొచ్చింది, అతని చొక్కాల్లో ఉండే వాసన. కాళ్ళు ఒక్కసారి ఆగాయి. చేతిలో "ఫోర్క్‌లిఫ్ట్‌వాళ్ళకి" అన్న కేకు ఉంది, బరువుగా. దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోవడం కుదరదు. నడిచాను.

మొదట తోర్తాలు పంచాం, నొయేమీ బియ్యంపాలు పోసింది. షెడ్డంతా కాగితాల చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. నిశ్శబ్దం మంచిదని వేవా మోచేత్తో పొడిచి చెప్పింది. "నోరు ఖాళీ లేదు వాళ్ళకి, చూడు."

ఏరే బల్ల దగ్గర ఒకావిడ కొరికి, నమిలి, "ఈ మిరపకాయలు ఎవరివి?" అంది. పక్కనున్న పెద్దాయన, "ఎలిహియోవి," అన్నాడు. "రోజూ నాకు ఒకటి పెట్టేవాడు." అలా అని నా వైపు చూసి టోపీ తీశాడు. ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. ఎలిహియో అడిగి మరీ ఎక్కువ మిరపకాయలు ఎందుకు పట్టుకెళ్ళేవాడో నాకు ఆ రోజు తెలిసింది. అతను కూడా కొసరు వేసేవాడన్నమాట.

తర్వాత కేకులు లోపలికి తెచ్చాం. ఎవరి పేరు వాళ్ళు చూసుకుని ఎక్కడివాళ్ళు అక్కడ లేచారు. లారీలవాళ్ళు తమ కేకు పెట్టెలవాళ్ళ దానికంటే చిన్నదని గొడవపెట్టుకున్నారు. పెట్టెలవాళ్ళు కొలిచి చూసుకోమన్నారు. ఫెర్మీన్ తన పేరున్న చిన్న కేకు ముందు పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"కేకులేమిటి వేవా? నేను చెప్పింది తోర్తాలేగా. ఇంతకీ ఎవరి పుట్టినరోజు?"

మైగ్వా తల దించుకుంది. వేవా క్షణం కూడా ఆలోచించలేదు. ఏప్రను సర్దుకుని, "నాది," అంది.

ఫెర్మీన్ ఫోర్కు ఆగింది. "ఎండాకాలంలో అయింది కదా నీది. గేటు దగ్గర నాకూ పెట్టావు."

"అప్పుడు సరిగ్గా జరగలేదు."

"అంతకుముందు జెల్లీ పెట్టినప్పుడో?"

"దోన్ ఫెర్మీన్, ఆడదాని వయసు గురించి భోజనాల దగ్గర అడగొచ్చా?"

షెడ్డంతా నవ్వింది. ఎవరో పుట్టినరోజు పాట ఎత్తుకున్నారు, మిగిలినవాళ్ళు అందుకున్నారు. వేవా మధ్యలో నిలబడి నిజంగానే ఆ రోజు పుట్టినట్టు సిగ్గుపడింది. తర్వాత మైగ్వా చెయ్యి పట్టి లాగి పక్కన నిలబెట్టి, "కేకు చేసింది ఈ అమ్మాయి. మీ ఇళ్ళల్లో పుట్టినరోజులు లేవా? నావి ఎన్నని చేసుకోను నేను?" అంది. వెంటనే ముగ్గురు నలుగురు మైగ్వా చుట్టూ చేరారు. ఆమె మాట్లాడుతోంది, చేతులు తిప్పుతూ, గబగబా.

ఫెర్మీన్ కళ్ళు బల్ల మీది ఫ్లాస్కు మీద పడ్డాయి. పక్కన సొట్ట ఉంటుంది దానికి, నిచ్చెన మీద నుంచి పడినప్పటిది. గుర్తుపట్టాడు. "అందులో ఏమన్నా ఉందా అంపారో?"

"అడుగున కొంచెం."

"ఆ కొంచెం పొయ్యి."

పోశాను. తాగి, మూత పక్కవాడికి అందించాడు. అలా ఫోర్క్‌లిఫ్ట్‌వాళ్ళ బల్ల చివరిదాకా వెళ్ళి వచ్చింది. ఫెర్మీన్ మూతి తుడుచుకున్నాడు. "ప్రతి శుక్రవారం," అన్నాడు. "చలికాలం అంతా. ఈ తోర్తాలు, ఈ మిరపకాయలు. ఎవరి పేరు మీద చెప్పుకోమంటారు?"

నేను వేవా వైపు చూశాను. వేవా నా వైపు చెయ్యి చూపించింది.

"ఆమె పేరు మీద. నేను తమాలెలదాన్ని. తోర్తా అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలీదు."

"కేకు సంగతో?" అన్నాడు ఫెర్మీన్. "ఇది కూడా ప్రతి వారం వస్తుందా?"

"ఒక్కొక్కరికి ఒక్కో ముక్క," అన్నాను నేను. "కొసరు."

సాయంత్రం వేవా నన్ను ఇంటి దగ్గర దింపింది. కమిటీవాళ్ళకి అప్పటికే కబురు పంపింది, వంటగది మాదే అని తిరుగు కబురు కూడా వచ్చింది. ఇద్దరికీ ఒళ్ళంతా ఉల్లిపాయ, వెనీలా కలిసిన వాసన.

"కొమాద్రె, ఒకటి అడగనా?" అన్నాను. "నువ్వు తాళంచెవులు ఎప్పుడైనా పారేసుకున్నావా?"

వేవా ఏప్రను నాలుగో జేబులో చెయ్యి పెట్టి ఒక గుత్తి తీసింది. ఇంటిది, వ్యానుది, చనిపోయిన తన తల్లి ట్రంకుపెట్టెది, ఎప్పటివో తుప్పుపట్టినవి. అన్నీ ఉన్నాయి. అవి నా ముందు గలగలలాడించి మళ్ళీ జేబులో వేసుకుంది.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే వచ్చేదానివా?" అని, నేను ఏదో అనేలోపు, "రేపు పొద్దున్నే తలుపు తియ్యి. ఆదివారానికి మాంసం మళ్ళీ ఉడికించాలి. నాకో సాయం చెయ్యి," అని వ్యాను కదిలించింది. వీధి మలుపు దాకా ఆమె నవ్వు వినిపించింది.

లోపలికి వచ్చి ఫ్లాస్కు సింకులో పెట్టాను. మూత లోపల కాఫీ చారలు, అంచు మీద ఎవరి మూతి నుంచో అంటిన క్రీము. అలవాటుగా కుళాయి తిప్పాను, చెయ్యి సబ్బు కోసం పోయింది. ఆగాను. ఇన్ని నెలలు శుభ్రంగా ఉన్నదాన్నే కడిగాను. ఇవాళే నిజంగా మురికి అయింది. అలా చూస్తుంటే బాగుంది.

కుళాయి కట్టేశాను. రొట్టెలోంచి గిల్లి తీసిన ముక్క ఒకటి ఏప్రను అంచుకి అంటుకుని ఉంటే తీసి నోట్లో వేసుకుని, వచ్చే శుక్రవారానికి మిరపకాయలు ఎన్ని ఊరెయ్యాలో ఆలోచిస్తూ వెళ్ళి పడుకున్నాను. ఫ్లాస్కు సింకులోనే ఉంది.